పాత కారు మీద వేసిన నింద

కారు కొనాలనుకుంటున్నానని కంకిపాడు సెంటర్లో టీ తాగుతూ ఎవరితోనైనా అనండి. "కొత్తదా, సెకండ్ హ్యాండా?" అన్నది మొదటి ప్రశ్న. సెకండ్ హ్యాండ్ అన్నామంటే సలహా తయారుగా ఉంటుంది. "ఎందుకు బాబాయ్ ఆ డొక్కు కారు? కొన్న డబ్బు ఒకెత్తు, షెడ్డుకు పోసే డబ్బు ఒకెత్తు. ఇంకాస్త ఓపిక చేసుకుని కొత్తదే తీసుకో. నెలనెలా వాయిదా కట్టుకుంటూ పోతే అదే తీరిపోద్ది." చెప్పేవాళ్లు మన మంచి కోరే చెబుతారు. షోరూములోనూ అదే మాట, బ్యాంకులోనూ అదే మాట, పెళ్లిలో పక్కన కూర్చున్న చుట్టం నోటా అదే మాట. ఇంతమంది ఒకటే చెబుతుంటే నిజమే కాబోలు అనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. పైగా మా వైపు మధ్యతరగతి ఇళ్లనూ, రైతు కుటుంబాలనూ అనవసరంగా అప్పులోకి దించుతున్న మాట అది.

ఆ మాటకు బలం ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడాలి. పాత కారు ఖర్చు కంటికి కనిపిస్తుంది. క్లచ్ అరిగిపోయిందంటే ఆ సాయంత్రమే మెకానిక్ చేతిలో వేలు లెక్కపెట్టి పెట్టాలి. అది ఇంట్లో అందరికీ తెలుస్తుంది, నలుగురిలో చెప్పుకుంటాం, ఏడాది తర్వాత కూడా గుర్తుంటుంది. కొత్త కారు తినే డబ్బుకు అలాంటి బిల్లు ఉండదు. వడ్డీ వాయిదాలో కలిసిపోయి వెళ్తుంది. విలువ తరిగిపోవడమైతే అమ్మే రోజు దాకా తెలియనే తెలియదు. కనిపించే ఖర్చుకు భయపడి, కనిపించని ఖర్చును నెత్తికెత్తుకుంటున్నాం.

కాగితం మీద వేసి చూద్దాం. రోడ్డు మీదికి వచ్చేసరికి పది లక్షలయ్యే చిన్న కారు అనుకోండి. రెండు లక్షలు చేతినుంచి పెట్టి, ఎనిమిది లక్షలు ఏడేళ్లకు 9 శాతం వడ్డీకి తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 12,870 రూపాయలు. ఐదేళ్లు తిరిగేసరికి అందులో వడ్డీ కింద వెళ్లిపోయింది రెండున్నర లక్షల పైమాట. ఇక విలువ సంగతి. బీమా కంపెనీలు బండి విలువ కట్టడానికి ఒక పట్టీ వాడతాయి. ఆరు నెలల్లోపే 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50. అదీ షోరూము ధర మీద. మనం కట్టిన లైఫ్ టాక్సూ, రిజిస్ట్రేషన్ ఖర్చూ అందులో లెక్కకే రావు. బజారులో కాస్త మంచి రేటే వస్తుందని, ఐదేళ్ల తర్వాత దాన్ని ఐదు లక్షలకు అమ్మగలమనే అనుకుందాం. తరుగు ఐదు లక్షలు, వడ్డీ రెండున్నర లక్షలు. మొత్తం ఏడున్నర లక్షలు, అంటే నెలకు పన్నెండున్నర వేలు. పెట్రోలు, సర్వీసింగు, ఫుల్ ఇన్సూరెన్సు ఇంకా కలపలేదు.

ఇప్పుడు పదేళ్ల వయసున్న పెట్రోలు వ్యాగనారో, ఐ10నో, స్విఫ్టో రెండు లక్షల డెబ్బై ఐదు వేలకు కొన్నామనుకోండి. కొన్న నెలలోనే యాభై వేలు పెట్టి టైర్లు, బ్యాటరీ, క్లచ్, బుష్‌లు, బెల్టులు సరిచేయించాం. ఆపైన ఏడాదికి పాతిక వేలు షెడ్డుకు పోశాం. తక్కువేం వేయడం లేదు, ధారాళంగానే వేస్తున్నాను. పదిహేనేళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి, ఆ పక్క ఖర్చులకు కలిపి పదివేలు. ఐదేళ్లు వాడి లక్షా పాతిక వేలకు అమ్మేశాం. మొత్తం పోయింది మూడు లక్షల ముప్పై ఐదు వేలు. పాత బండి మైలేజీ తక్కువ కదా అంటారు. నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండికీ పదిహేను ఇచ్చే బండికీ తేడా తొమ్మిది లీటర్లు, సుమారు వెయ్యి రూపాయలు. అదీ కలిపితే నెలకు ఆరున్నర వేలు. ఐదేళ్లకు తేడా మూడున్నర లక్షల పైచిలుకు. అంకెలు మీ బండినిబట్టి, మీ తిరుగుడునిబట్టి అటూ ఇటూ మారతాయి. కానీ కొత్త కారు చవకని తేలాలంటే పాత కారుకు ఏటా లక్ష పోయాలి. ఇంజన్ దించి పెట్టినా ఏటేటా అంత కాదు.

మా కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి ఉంది. మా ఊళ్ల డబ్బు నెలజీతంలా రాదు. సార్వా వరి కోసి ధాన్యం తోలాక కొంత, ఆ మడిలోనే చల్లిన మినుము ఇంటికి చేరాక కొంత. కౌలు, ఎరువుల కొట్టు బాకీ, పిల్లల ఫీజు పోను మిగిలింది మన చేతిది. వాయిదా మాత్రం ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి, కోసినవి పనల మీదే నానిపోయాయి. ఐదో తేదీకి వాయిదా పెట్టుకున్న రైతుకు అదే రోజున ఖాతాలోంచి డబ్బు తెగాలి. చెక్కు బౌన్సయిందని చార్జీ వేస్తారు, సిబిల్ స్కోరు తగ్గుతుంది, రేపు పంట రుణానికి వెళ్తే అదే అడ్డు చెబుతారు. పాత కారు అలా మెడ మీద కూర్చోదు. షాకబ్జార్లు పోయాయని మెకానిక్ అంటే, "మినుము అమ్మాక చేయిద్దాంలే, అందాకా మెల్లగా నడుపుతాను" అనుకోవచ్చు. బ్రేకులకూ, టైర్లకూ, స్టీరింగుకూ ఆ వాయిదా పనికిరాదు. మిగతా చాలా పనులకు పనికొస్తుంది. ఖర్చును మన చేతిలో పెట్టుకోగలగడం చిన్న లాభం కాదు.

"అంతా బాగానే ఉందిగానీ, నడిరోడ్డు మీద ఆగిపోతే?" అంటారు. పిల్లలతో, పెద్దవాళ్లతో బయల్దేరినవాళ్లకు ఆ భయం న్యాయమైనదే. కాకపోతే కార్లను నడిరోడ్డు మీద ఆపేసేవి ఏమిటో చూడండి. బ్యాటరీ, టైరు, బెల్టు, రేడియేటరు గొట్టం, పెట్రోలు పంపు. వీటిలో చాలావాటికి వయసు లెక్క ఉంది. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైరుతో విజయవాడ మే నెల ఎండలో హైవే ఎక్కకూడదు. ఐ10లో 1.1 లీటరు ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది, మారుతి కె-సిరీస్ ఇంజన్‌కు చైను ఉంటుంది. బెల్టున్న బండి కొంటే, అమ్మేవాడు మార్పించానని ప్రమాణం చేసినా సరే, బిల్లు చూపించకపోతే ముందు దాన్ని మార్పించాలి. తెగితే వాల్వులు పిస్టన్‌లకు కొట్టుకుని వంగిపోయి, బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు అవుతుంది. ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులు. తెలిసినదాన్ని పట్టించుకోకుండా వదిలేసి, బండి మోసం చేసిందంటే ఎలా?

నిజానికి పాత కార్లకు చెడ్డపేరు తెచ్చింది వాటి వయసు కాదు, వాటికి మనం చేయించే అరకొర వైద్యం. ఏసీ సంగతే చూడండి. ఏటా మార్చి రాగానే "ఏసీ చల్లగా రావట్లేదు" అని షెడ్డుకు పోతాం. గ్యాస్ కొట్టించుకుని వస్తాం. రెండు నెలలు చల్లగా వస్తుంది, మళ్లీ మామూలే. మరుసటి ఏడాది మళ్లీ గ్యాస్. ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండాల్సిందే. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఎక్కువసార్లు కారేది డాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్. దాన్ని బయటికి తీసినప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. సన్నని అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము, వెంట్రుకలు, కోతల కాలంలో రోడ్డు మీంచి లేచిన ఊక నలుసులు తడికి ముద్దయి, కంబళి ముక్కలా అతుక్కుని ఉంటాయి. ఆ తడిముద్ద కింద లోహం తినేసి, ఒక మూల నూనె మరక కనిపిస్తుంది. గ్యాస్ కారిన చోటది. గ్యాస్‌తోపాటే కంప్రెసర్‌కు అందాల్సిన ఆయిలూ అక్కడినుంచే పోతోంది. నాలుగేళ్లు గ్యాస్ కొట్టిస్తూ గడిపితే ఆయిలు చాలక కంప్రెసరే పట్టేస్తుంది. మొదటి ఏడాదే కాయిల్ మార్పిస్తే అయ్యేదానికి రెట్టింపు అప్పుడవుతుంది. డబ్బు తిన్నది కారా, మనం చేయించిన వైద్యమా?

రేడియేటరుదీ అదే కథ. కూలెంట్ డబ్బా కొనడానికి వెనకాడి బోరు నీళ్లు పోస్తారు. మా డెల్టా బోరు నీళ్లలో, బందరు వైపు వెళ్లేకొద్దీ, ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు రేడియేటరులో గార కట్టి, వాటర్ పంపును తినేసి, చివరికి హెడ్ గ్యాస్కెట్ దాకా తీసుకెళ్తాయి. బండి వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వు పీకి పక్కన పడేస్తారు. అప్పటికి ముల్లు కిందికి దిగుతుంది. ఆనాటినుంచి ఇంజన్‌కు కావలసిన వేడి కూడా అందక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. బండి కొనేటప్పుడు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూస్తే చాలు, ముందు యజమాని దాన్ని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది. ఆకుపచ్చగానో ఎర్రగానో తేటగా ఉంటే సరే. టీ రంగులో ఉంటే బేరమాడకుండా బయటికి వచ్చేయండి.

మాకు ఇంకో అదృష్టం ఉంది. పోరంకి, కానూరు దాటితే జవహర్ ఆటోనగర్. లారీ బాడీ కట్టేవాళ్ల దగ్గర్నుంచి రేడియేటరుకు టంకం వేసేవాళ్ల దాకా, ఇన్ని రకాల పనివాళ్లు ఒక్కచోట ఉన్న పేటలు దేశంలో తక్కువ. షోరూములో "సెట్టు మొత్తం మార్చాలి" అన్న పనిని, ఇక్కడ పాడైన ఒక్క భాగం మార్చి బాగుచేసేవాళ్లున్నారు. ఆల్టర్నేటరుకు బేరింగు, కార్బన్ బ్రష్‌లు వేసి ఇస్తారు. స్టీరింగ్ ర్యాక్‌కు కొత్త బుష్ వేసి బిగిస్తారు. ఆ షెడ్లలో గ్రీజు చేతులతో నిలబడే కుర్రాళ్లు ఉయ్యూరు, తోట్లవల్లూరు, పామర్రు వైపునుంచి వచ్చినవాళ్లే. నా పాతిక వేలు వాళ్లకు చేరితే మా ఊళ్లలోనే తిరుగుతాయి. వాయిదాలో పోయే వడ్డీకి ఆ గుణం లేదు. పాత కారు వాడేవాణ్ణి పిసినారిగా చూసేవాళ్లు ఈ పనితనం విలువను కూడా తక్కువ చేస్తున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇక పదిహేనేళ్ల భయం. ఏపీ 16 నంబరు పలక కనిపిస్తే చాలు, "దాని టైమ్ అయిపోవచ్చిందిగా, రేపు తుక్కుకే" అనేవాళ్లు తయారయ్యారు. రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది 2019లో. ఏపీ 16 అంటే అంతకుముందు మన కృష్ణా జిల్లాలో రిజిస్టరైన బండి అని మాత్రమే అర్థం. అందులో 2018 బండీ ఉంటుంది. పదిహేనేళ్లు నిండితే తుక్కే అన్నది ఢిల్లీ కబురు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్ష పెట్టింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత దాని మీద నడిచిన వాదాలూ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానివే. మన రాష్ట్రంలో సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. 600 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. పెంచింది ఎక్కువే, నేనూ ఒప్పుకోను. అయినా ఐదేళ్లకు ఐదు వేలంటే నెలకు ఎనభై మూడు రూపాయలు. గడువు దాటనిస్తే మాత్రం నెలకు 500 అదనంగా వేస్తారు, అది మన అశ్రద్ధకు పడే జరిమానా. 2021 ఆగస్టు 13న మొదలైన తుక్కు విధానంలో కూడా సొంత వాహనాన్ని వయసు చూసి చంపేయమని లేదు, పరీక్షలో తప్పితేనే తీసేయమని ఉంది.

ఢిల్లీ ఆంక్షవల్ల మన దగ్గర జరిగిన చెడు ఇంకొకటి ఉంది. అక్కడ గడువు దగ్గరపడిన పెద్ద పెద్ద జర్మన్ కార్లు ఎన్‌ఓసీ తీసుకుని దక్షిణానికి వచ్చి, కొత్త ఆల్టో ధరకే దొరుకుతున్నాయి. కుర్రాళ్లు ఆశపడతారు. ఇక్కడికి నంబరు మార్చుకోవాలంటే మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, ఒక్క ఎయిర్ సస్పెన్షన్ పోయిందంటే ఆ ఖర్చుతో మంచి స్విఫ్టే వస్తుంది. పాత కారు నిండా ముంచుతుందన్న మాట ఎక్కడైనా నిజమైతే అది ఇలాంటి కార్ల దగ్గరే. వాళ్ల అనుభవాన్ని తెచ్చి వ్యాగనారు కొనుక్కునే టీచరుగారికి అంటగట్టడం అన్యాయం.

ఈ20 పెట్రోలు వచ్చాక మరో వాదన బయల్దేరింది. పాత ఇంజన్లు ఇథనాల్‌కు తట్టుకోవు, ఇక వాటి పని అయిపోయినట్టేనని. అందులో కొంత నిజముంది, కొట్టిపారేయను. ఇరవై శాతం ఇథనాల్ కోసం తయారు కాని కార్లలో మైలేజీ ఆరేడు శాతం దాకా తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు త్వరగా పాడవుతాయన్నదీ నిజమే. అయితే దాని ఖరీదెంత? నెలకు ఐదు వేల పెట్రోలు పోయించేవాళ్లకు మూడు వందల యాభై. రెండు మూడేళ్లకోసారి గొట్టాలు, సీళ్లు మార్చడానికి కొన్ని వేలు. జనాన్ని అడగకుండా ఈ భారం మోపిన తీరు మీద పోట్లాడాల్సిందే. దాన్ని తప్పించుకోవడానికి ఎనిమిది లక్షల అప్పు చేయమనడం మాత్రం వైద్యం కాదు.

మా ఊళ్లలో పిల్లలు అమెరికాలో ఉంటే అమ్మానాన్నల కోసం కొని పెట్టిన కార్లు చాలా ఉంటాయి. పెళ్లిళ్లకూ, ఆసుపత్రికీ తప్ప గుమ్మం దాటవు. పదేళ్లకు ఇరవై ఐదు వేల కిలోమీటర్లు తిరిగి ఉంటాయి. వీటిని చూస్తే అందరూ ఎగబడి, ఇదొక్కటే కొనదగ్గ పాత కారు అంటారు. ఇదీ పొరపాటు అభిప్రాయమే. నిలిచిపోయిన కారుకు నిలిచిపోయిన జబ్బులుంటాయి. టైర్లు గాడి అరగకుండానే గట్టిబడి పగుళ్లిస్తాయి, సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో నెలల తరబడి ఉన్న పెట్రోలులోని ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, కదలని కారు బానెట్ వాటికి వెచ్చని ఇల్లు. వైరింగు పైతోలు కొరికేశాయంటే ఏ దీపం ఎందుకు వెలుగుతుందో ఎలక్ట్రీషియనుకు కూడా ఒక పట్టాన దొరకదు. ముప్పై నలభై వేలు పక్కన పెట్టుకుని కొంటే ఇవి మంచి బండ్లే. నిత్యం తిరిగి, కిలోమీటర్లు ఎక్కువైనా బిల్లులతో సహా సర్వీసు చేయించిన బండి వీటికేం తీసిపోదని మాత్రం గుర్తుంచుకోవాలి.

పాత కారు విషయంలో నిజంగా భయపడాల్సింది మునిగిన బండికి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి బురదనీళ్లలో నిలిచాయి. వాటిలో ఎన్నో బాగుచేయడం దండగని తేలినవే. అవన్నీ తుక్కులోకే వెళ్లాయనుకుంటే పొరపాటు. వేలంలో కొని, కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి వేరే ఊళ్లో అమ్మే వ్యాపారం ప్రతి వరద తర్వాతా ఉంటుంది. నీళ్లు తాగిన కంప్యూటరు పెట్టె, ఎయిర్‌బ్యాగ్ వైరింగు, వీల్ బేరింగులు ఒకదాని తర్వాత ఒకటి ఏడాదో రెండేళ్లో ఏడిపిస్తూనే ఉంటాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రోజూ వాడే భాగం ఎంత శుభ్రంగా తోమినా, ఎప్పుడూ బయటికి రాని చివరి మూర దగ్గర మట్టిగీత దొరుకుతుంది. సీటు వెనక్కి జరిపి పట్టాల కింద బోల్టులు చూడండి, కారులోపలి బోల్టుకు తుప్పు పట్టే పనిలేదు. స్టెప్నీ తీసి ఆ గుంతలో వేలితో తడమండి. హెడ్‌లైటు అద్దం లోపల పొగమంచు పట్టినట్టు ఉందేమో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పాత ఇన్సూరెన్సు పాలసీ అడగండి. క్లెయిము లేని ఏళ్లకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ ఏటేటా పెరుగుతూ యాభై శాతం దాకా వెళ్తుంది. 2024 తర్వాతి పాలసీలో అది హఠాత్తుగా సున్నా అయిందంటే, ఆ ఏడాది పెద్ద క్లెయిము ఎందుకు పెట్టారో అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. మీటరు తిప్పారన్న అనుమానం ఉంటే, బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీసు సెంటర్లో పాత సర్వీసు చరిత్ర అడగవచ్చు. ఇవేవీ చూడకుండా రంగు, మ్యూజిక్ సిస్టమ్ చూసి అడ్వాన్సు ఇచ్చి వచ్చేవాళ్లే ఆ తర్వాత "పాత కారు కొనకూడదు" అని ఊరంతా చెబుతారు.

కాగితాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా వైపు నమ్మకం మీద బండ్లు చేతులు మారతాయి. ఆర్సీ మాత్రం పాత పేరునే ఉంటుంది. అమ్మినవాళ్లకే ఇది ముప్పు. నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది, ప్రమాదం జరిగినప్పుడు రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదే. కొన్నవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు కూడా తమ పేరుకు మార్చుకోవాలి, లేకపోతే సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిము తిప్పి కొడతారు. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో ఆ పేరు కొట్టేయించని బండ్లు ఉంటాయి, చలాన్లు పేరుకుపోయినవి ఉంటాయి. అన్నీ ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ తెరిస్తే తెలిసేవే. పాత యజమాని ఫాస్టాగ్ కూడా తీయించేయండి. దావులూరు టోల్‌గేటు దగ్గర తెగిన డబ్బుకు ఆయనకూ మీకూ మాటామాటా ఎందుకు?

చివరికి మిగిలేది భద్రత. కొత్తది కొనమనేవాళ్ల వాదనల్లో నేను తలవంచేది దీని ఒక్కదానికే. ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలైలో. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యేసరికి 2021 చివరికొచ్చింది. అంతకుముందు చాలామంది కొన్నది ఇవేవీ లేని చవక మోడలే. బందరు రోడ్డు మీద అడ్డంగా వచ్చే బైకునూ, చీకట్లో రిఫ్లెక్టర్లు లేకుండా పోయే ట్రాక్టరు ట్రక్కునూ ఎరిగినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. అందుకే పాత కారు కొనేవాళ్లకు నేను చెప్పే షరతు ఒకటుంది. అదే మోడల్లో ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్న పై వేరియంటే వెతకండి. 2014, 2015 నాటి స్విఫ్టుల్లో, ఐ20ల్లో అలాంటివి ఉన్నాయి. కొత్తగా ఉన్నప్పుడు వాటికీ చవక మోడలుకూ ఉన్న ధర తేడా పాత బజారులో బాగా తగ్గిపోతుంది, యాభై అరవై వేలు ఎక్కువైనా పెట్టదగ్గ డబ్బే. ఎయిర్‌బ్యాగ్ దీపం ఇగ్నిషన్ వేయగానే వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేసి దాచారని అనుమానించాలి. బెల్టు పెట్టుకోకపోతే ఆ ఎయిర్‌బ్యాగే ముఖానికి దెబ్బ.

వారం వారం హైదరాబాదు వెళ్లొచ్చేవాళ్లు, రాత్రిపూట హైవే మీద ఎక్కువగా ఉండేవాళ్లు, నమ్మకమైన మెకానిక్ దగ్గర్లో లేనివాళ్లు కొత్త కారో, మూడు నాలుగేళ్ల కారో కొనుక్కోవడమే మంచిది. వాళ్లకు నేను ఎదురు చెప్పను. మిగతావాళ్లు, చేతిలో ఉన్న డబ్బుకు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులున్న పాత బండి దొరకకపోతే ఇంకో పంట ఆగండి. బస్సులోనో, బండి అద్దెకు మాట్లాడుకునో పోయి రండి. ఆ డబ్బుకు అవి లేని బండి కొనకండి, అవి లేవన్న సాకుతో ఏడేళ్ల అప్పులోకీ దిగకండి.